పండగల్లో నాన్న ఫోన్‌కి చిన్న ఏర్పాటు

దసరా వచ్చిందంటే నాన్నకి ఒకటే ఫోన్లు. "పార్సిల్ ఆగింది", "లక్కీ డ్రాలో టీవీ వచ్చింది" అంటూ. కట్ చేయమంటే చేయరు, అవతలివాళ్లు నొచ్చుకుంటారట!

అందుకే పెన్షన్ ఖాతాకి యూపీఐ తీసేశాను. వేరే బ్యాంకులో ఇంకో ఖాతా తెరిచి, దానికే పెట్టాను. అందులో 2,000 రూపాయలకు మించి ఉంచను, అయిపోతే మళ్లీ వేస్తాను. పాలవాడికీ కూరగాయలకీ అది చాలు. ఫోన్ కవర్ మీద పెద్దక్షరాలతో చీటీ అంటించాను: "డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పోతే వెంటనే 1930." అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు.

వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్‌ని (ప్లేస్టోర్ బయట నుంచి యాప్‌ని ఎక్కించే ఫైల్) ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం ఇది కాపాడదు, పెన్షన్ ఖాతా ఓటీపీలూ ఆ ఫోన్‌కే వస్తాయి, ఆ దొంగ యాప్ వాటిని చదివేయగలదు కాబట్టి. పెన్షన్ ఖాతా నంబరు, యూపీఐ నంబరు వేర్వేరైతే, పెన్షన్ ఖాతా సిమ్‌ని పాత బటన్ ఫోన్లోకి మార్చేయండి.