కరెంటు పోయొచ్చింది, హాలు చెరువైంది

మా నాలుగడుగుల చేపల తొట్టికి మొదట అంచుకు తగిలించే ఓవర్‌ఫ్లో పెట్టె (తొట్టి నీళ్లను కింద ఉండే సంపు అనే రెండో తొట్టిలోకి దింపేది) వాడాను. ఓ రాత్రి కరెంటు పోయి వచ్చింది. పెట్టెకుండే U ఆకారపు గొట్టంలో గాలి చేరి సైఫన్ (నీళ్లను అంచు మీదుగా తనంతట తానే కిందికి లాగే ధార) తెగిపోయింది. కింద సంపులోని పంపు మాత్రం నీళ్లు పైకి తోడుతూనే ఉంది. పొద్దున లేచేసరికి హాలంతా నీళ్లు. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

తొట్టి ఖాళీ చేసి, అద్దం టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన రకం) కాదని తేల్చుకున్నాక (అదైతే డ్రిల్ పెట్టగానే ముక్కలే) వెనకవైపు డైమండ్ బిట్‌తో, తడుపుతూ, నీళ్లు సంపులోకి దిగే గొట్టాలకు మూడు రంధ్రాలు వేయించాను. ఈ గొట్టాల అమరికల్లో ఒకే గొట్టం ఉండే డుర్సో చవకే, కానీ గుడగుడ చప్పుడు. రెండు గొట్టాల హెర్బీకి చప్పుడుండదు. అయితే మెయిన్ గొట్టంలో నత్త ఇరుక్కుంటే ఇక మిగిలేది ఒక్క గొట్టమే. అందుకే మూడు గొట్టాల బీన్‌యానిమల్‌కు మొగ్గాను: ఒకటి పూర్తి సైఫన్, రెండోదాంట్లో మిగులు నీళ్లు సన్నగా, మూడోది ఆపదకోసం పొడిగా.

సైఫన్ గొట్టానికి బాల్ వాల్వ్ (పావు చుట్టుతో పూర్తిగా తెరుచుకునేది) పెట్టి తప్పు చేశాను. వెంట్రుకవాసి తిప్పినా నీటిమట్టం బెత్తెడు మారేది. గేట్ వాల్వ్ (చాలా చుట్లు తిప్పితే కొద్దికొద్దిగా తెరుచుకునేది) వేశాక కుదిరింది. దాన్ని పూర్తిగా మూసి కూడా చూశాను, మిగతా రెండు గొట్టాలూ నీళ్లన్నీ లాగేశాయి.