సాయంత్రపు ఎండలో భవనాల ఫొటోలు

సూర్యాస్తమయానికి గంటన్నర ముందే స్పాట్‌కి చేరుకోండి. ఎదురుగా ఉన్న ఎత్తైన బిల్డింగ్ నీడ మీరు తీయాలనుకున్న గోడ మీదికి పాకిందంటే, సూర్యుడు అస్తమించడానికి ఇంకా అరగంట ఉన్నా ఆ గోడకి ఆ రోజు వెలుగు అయిపోయినట్టే.

ఎండ సూటిగా పడే గోడ కంటే ఏటవాలుగా రాసుకుంటూ పోయే గోడే నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇటుకల మధ్య సందులు, బాల్కనీ చువ్వల పొడవాటి నీడలు, పెచ్చులూడిన సున్నం అంచులు, మధ్యాహ్నం కంటికి ఆననివన్నీ అప్పుడే తేలి కనిపిస్తాయి.

వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగుని బట్టి ఫొటో రంగుల్ని సరిచేసే సెట్టింగ్, మాత్రం ఆటోలో వదిలేయకండి. సాయంత్రపు ఎండలోని బంగారు రంగుని లోపం అనుకుని కెమెరా సరిదిద్దేస్తుంది, గోడ పాలిపోతుంది. డేలైట్‌లో, అంటే దాదాపు 5,500 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే యూనిట్) దగ్గర పెట్టండి. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రావాలన్నది, ఎండ పడిన చోట కొలవండి. నీడలు నల్లబడితే పడనివ్వండి, కానీ వెలుగున్న భాగం ఒకసారి తెల్లగా కాలిపోతే ఆ వివరాలు ఎడిటింగ్‌లో కూడా తిరిగిరావు. ఫోన్‌లో అయితే ఆ గోడ మీద టచ్ చేసి బ్రైట్‌నెస్ కొంచెం కిందికి లాగితే చాలు.

కెమెరా పైకెత్తితే బిల్డింగ్ వెనక్కి వాలినట్టు వస్తుంది కాబట్టి, వీలైనంత దూరం జరిగి నిటారుగా పట్టుకుని తీయండి, కింద మిగిలిన రోడ్డు తర్వాత క్రాప్ చేసుకోవచ్చు.

అద్దాల బిల్డింగ్ ఉంటే దానికి వీపు తిప్పి ఎదుటివైపు చూడండి: నీడలో ఉన్న గోడల మీద దాని అద్దాల నుంచి పడే వెలుగు మరకలు చాలా అందంగా ఉంటాయి, అవి నిమిషాల్లోనే జరిగిపోతాయి కాబట్టి ముందు వాటినే తీసేయండి.