చెత్త మెయిల్స్ డిలీట్ చేయడం ఆపండి, వాటి దారి మూసేయండి

పొద్దున్నే ఫోన్ తీయడం, రాత్రంతా వచ్చి పడ్డ నలభై మెయిల్స్‌లో ముప్ఫై ఎనిమిదింటికి టిక్కులు పెట్టుకుంటూ డిలీట్ కొట్టడం, హమ్మయ్య అనుకోవడం, మర్నాడు మళ్లీ అదే పని. నేను ఏళ్ల తరబడి ఇదే చేశాను. కొళాయి కట్టకుండా నేల తుడుస్తున్నానని అర్థమవడానికి చాలా టైం పట్టింది. డిలీట్ కొడితే ఆ ఒక్క మెయిల్ పోతుంది, అంతే. అది చెత్త అని మీరు పంపినవాడికీ చెప్పలేదు, మీ మెయిల్ సర్వీసుకీ చెప్పలేదు, కాబట్టి రేపు ఇంకోటి వస్తుంది.

అందుకని డిలీట్ కొట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: వీడికి నా అడ్రస్ నేనే ఇచ్చానా? జవాబుని బట్టి నొక్కాల్సిన బటన్ మారిపోతుంది. ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేస్తే ఉన్న తలనొప్పి రెట్టింపవుతుంది. నాకు అయింది, చెప్తాను.

ముందు, మనమే ఇచ్చిన కేసు. ఒప్పుకోవడానికి కష్టంగా ఉన్నా మన ఇన్‌బాక్స్‌లో చెత్త చాలావరకు మనం చేతులారా తెచ్చుకున్నదే. ఎప్పుడో ఏదో యాప్ వేసుకున్నాం, ఏదో పీడీఎఫ్ కావాలని ఈమెయిల్ ఇచ్చాం, కింద చిన్న అక్షరాల పక్కన ముందే టిక్ పెట్టి ఉన్న గడిని చూసుకోలేదు. ఇవి దొంగ మెయిల్స్ కావు, విసుగు మెయిల్స్. వీటికి మందు అన్‌సబ్‌స్క్రైబ్, అంటే ఇక పంపొద్దని చెప్పి వాళ్ల జాబితాలోంచి తప్పుకోవడం. అయితే వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటే అది ఎప్పటికీ అవదు. ఒక అరగంట కూర్చుని, మెయిల్ సెర్చ్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ అనే మాటని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. ఇంగ్లిష్ ప్రచార మెయిల్స్‌లో చాలావాటికి అడుగున ఆ మాట ఉంటుంది కాబట్టి అన్నీ వరసగా బయటికొస్తాయి. చాలాసార్లు అడుగుదాకా వెళ్లి వెతుక్కునే పని కూడా ఉండదు, జీమెయిల్‌లో పంపినవాళ్ల పేరు పక్కనే అన్‌సబ్‌స్క్రైబ్ అని కనిపిస్తుంది, దాన్ని నొక్కితే చాలు.

ఆ బటన్ వాళ్ల మంచితనం వల్ల వచ్చింది కాదు. రోజుకి 5000కి పైగా మెయిల్స్ జీమెయిల్ అకౌంట్లకి పంపేవాళ్లకి గూగుల్ 2024లో షరతులు పెట్టింది: ఒక్క నొక్కుతో తప్పుకునే ఏర్పాటు ఉండాలి, నొక్కిన రెండు రోజుల్లో పేరు తీసేయాలి, స్పామ్ ఫిర్యాదులు, అంటే ఇది చెత్త మెయిల్ అని అందుకున్నవాళ్లు బటన్ నొక్కడం, 0.3 శాతానికి చేరకూడదు. యాహూ కూడా దాదాపు ఇవే షరతులు పెట్టింది. 0.3 శాతం అంటే వెయ్యి మెయిల్స్‌కి మూడు. అంటే వెయ్యిమందిలో ముగ్గురు విసుగొచ్చి స్పామ్ బటన్ నొక్కినా ఆ కంపెనీ పంపే మెయిల్స్ అన్నీ, బిల్లులూ పాస్‌వర్డ్ మార్చే లింకులతో సహా, అవతలివాళ్ల స్పామ్ ఫోల్డర్లోకి పోయే ప్రమాదం ఉంది. మన చేతిలో ఉన్న కర్ర మనం అనుకున్నంత చిన్నది కాదన్నమాట.

కాబట్టి నా పద్ధతి ఇది. మొదటిసారి మర్యాదగా అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కుతాను. లాగిన్ అవ్వండి, కారణం చెప్పండి, ఈ పదిహేడు రకాల్లో ఏవి వద్దో ఒక్కొక్కటిగా టిక్ తీసేయండి అని తిప్పించుకున్నారంటే ఇక మర్యాద అయిపోయినట్టే, వెనక్కొచ్చి స్పామ్ అని కొడతాను. వారం పది రోజుల తర్వాత కూడా పంపుతుంటే అప్పుడూ అంతే. అమెరికాలో 2003 నాటి క్యాన్ స్పామ్ చట్టం ప్రకారం తప్పుకోవాలనుకునేవాళ్లని ఈమెయిల్ అడ్రస్ తప్ప ఇంకో వివరం అడగకూడదు, పది పనిదినాల్లో ఆపేయాలి. అక్కడి చట్టమే అలా ఉన్నప్పుడు లాగిన్ అడిగేవాడి మీద మనకి మొహమాటం దేనికి?

రెండో రకం, మీరు అడ్రస్ ఇవ్వనేలేదు, వాడెవడో మీకు తెలియనే తెలియదు. లాటరీ, పదిరోజుల్లో బరువు తగ్గే మాత్రలు, మీ వెబ్‌సైట్‌ని గూగుల్‌లో మొదటి పేజీకి తెస్తాం (నాకు వెబ్‌సైటే లేదు), ఇలాంటివి. ఇక్కడ అన్‌సబ్‌స్క్రైబ్ జోలికి పోవద్దు. నేను చేసిన తప్పు ఇదే. ఒక ఆదివారం ఇన్‌బాక్స్ శుభ్రం చేస్తానని ఊపుమీదున్నప్పుడు ఇలాంటివాటి అడుగున ఉన్న లింకులన్నీ కూడా వరసపెట్టి నొక్కాను. రెండు వారాలకి వచ్చేవి తగ్గకపోగా ఎక్కువయ్యాయి. ఎందుకంటే అలాంటివాడి చేతిలో ఉన్న జాబితాలో సగం అడ్రస్‌లు బతికున్నాయో లేదో వాడికే తెలియదు. లింక్ నొక్కినా, జవాబిచ్చినా, ఆఖరికి తిడుతూ రిప్లై పెట్టినా, ఈ అడ్రస్ వెనక మనిషి ఉన్నాడు, మెయిల్ చదువుతాడు అని మనమే సంతకం పెట్టి ఇచ్చినట్టు. కొరివితో తల గోక్కోవడమే.

వీటికి ఒకటే పని, స్పామ్ అని రిపోర్ట్ చేయడం. బ్లాక్ చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. బ్లాక్ అనేది అదే అడ్రస్ నుంచి మళ్లీ మళ్లీ పంపే తెలిసిన మనిషికి పనికొస్తుంది, పూటకో కొత్త అడ్రస్‌తో వచ్చేవాడికి అది లెక్కే కాదు. స్పామ్ బటన్ అలా కాదు, అది ఫిల్టర్‌కి, అంటే చెత్త మెయిల్స్‌ని ఏరి పక్కనపెట్టే ప్రోగ్రామ్‌కి, పాఠం. ఏ మాటలు, ఏ లింకులు, ఎక్కడి నుంచి వచ్చినవి ఎంతవరకు చెత్త అయ్యే అవకాశం ఉందో అది లెక్కగట్టుకుంటుంది. 2000ల మొదట్లో బాగా వాడకంలోకి వచ్చిన ఫిల్టర్లు ఈ లెక్క వేసింది థామస్ బేయిస్ అనే 18వ శతాబ్దపు చర్చి పాస్టర్ రాసిపెట్టిన సంభావ్యతా సూత్రంతోనే. ఇప్పుడు అంతకంటే చాలా పెద్ద యంత్రాంగం ఉంది. అయినా 2004లో దావోస్‌లో బిల్ గేట్స్ ఇంకో రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందన్నాడు, మనం ఇంకా ఇక్కడే ఉన్నాం. ఏ ఫిల్టర్ వచ్చినా దాన్ని దాటే పద్ధతి అవతలివాడూ నేర్చుకుంటాడు, అంతే సంగతి.

ఇంకో చిన్న పని ఇక్కడే చేసేయండి. చాలా మెయిల్స్‌లో కంటికి కనబడని, చుక్కంత బొమ్మ ఒకటి ఉంటుంది. మీరు మెయిల్ తెరవగానే ఆ బొమ్మ పంపినవాడి సర్వర్ నుంచి లోడ్ అవుతుంది, తెరిచారని వాడికి తెలిసిపోతుంది. మెయిల్ సెట్టింగ్స్‌లో బయటి బొమ్మలు చూపించే ముందు నన్ను అడుగు అనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని పెట్టుకోండి. మెయిల్స్ కాస్త బోడిగా కనిపిస్తాయి, రెండ్రోజుల్లో అలవాటైపోతుంది.

ఇక మూడో రకం, అసలు భయపడాల్సింది దీనికే. మీరు అడ్రస్ ఇచ్చిన బ్యాంకులాగో, కొరియర్‌లాగో, మీ ఆఫీసు బాస్‌లాగో వేషం వేసుకుని వచ్చే మెయిల్. ఇది ఎలా సాధ్యమవుతుందంటే, మెయిల్ పంపే పద్ధతి, అదే ఎస్ఎమ్‌టీపీ, 1982 నాటిది, ఒకరినొకరు నమ్ముకున్న కొద్దిమంది వాడే రోజుల్లోది. పోస్టు కవరు మీద ఫ్రమ్ అడ్రస్ ఎవరి పేరైనా రాసుకోవచ్చు కదా, ఇదీ అంతే, ఫ్రమ్ దగ్గర ఏం రాశావురా అని ఆ పద్ధతి అడగదు. తర్వాత దీనికి అతుకులు వేశారు, మెయిల్ నిజంగా చెప్పుకున్న చోటి నుంచే వచ్చిందా అని చూసే తనిఖీలవి, వాటి పేర్లు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్.

పేర్లు చూసి పారిపోవద్దు, చూడటం తేలికే. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, అనుమానం వచ్చిన మెయిల్‌కి కుడివైపు పైన ఉండే మూడు చుక్కలు నొక్కి, షో ఒరిజినల్ అనేది ఎంచుకోండి. కొత్త పేజీ వస్తుంది, కింద అర్థంకాని రాతంతా వదిలేయండి, పైన చిన్న పట్టికలో ఆ మూడు పేర్లు, వాటి పక్కన పాస్ అనో ఫెయిల్ అనో ఉంటుంది. మీ బ్యాంకు పేరుతో వచ్చిన దాంట్లో డీమార్క్ ఫెయిల్ అని ఉంటే ఇక దాన్ని నమ్మకండి. కానీ మూడూ పాస్ అయినంత మాత్రాన మంచి మెయిల్ అని కూడా కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. పాస్ అంటే ఆ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) నుంచే వచ్చిందని మాత్రమే. దొంగ కూడా సొంతంగా ఒక డొమైన్ కొనుక్కుని పద్ధతిగా అన్నీ పెట్టుకుంటాడు, వాడికీ పాస్ వస్తుంది.

అందుకని డొమైన్ చదవడం రావాలి, అదీ వెనక నుంచి. లింక్‌లో మొదటి ఒంటి గీత, అంటే స్లాష్, వచ్చేదాకా చూసి, అక్కడి నుంచి ఎడమవైపుకి చదవండి. డాట్ కామ్, దానికి ముందున్న మాట, ఆ రెండూ కలిసిందే అసలు యజమాని (కొన్ని దేశాల డొమైన్‌లలో చివర రెండు ముక్కలుంటాయి, అప్పుడు ఇంకో మాట ఎడమకి జరగండి). దానికి ఎడమవైపు ఉన్నదంతా వాడిష్టం. కాబట్టి ముందు మీ బ్యాంకు పేరు, తర్వాత చుక్క, తర్వాత సెక్యూర్ లాగిన్ డాట్ కామ్ అని ఉంటే అది బ్యాంకుది కాదు, సెక్యూర్ లాగిన్ అనే పేరు కొనుక్కున్నవాడిది. ఇంకో కిటుకు, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే కనిపిస్తుంది, ఫోన్ స్క్రీన్ మీద తేడా పట్టడం నా వల్ల కూడా కాలేదు.

ఇదంతా ఎవడు చూస్తాడండీ అంటే, సరే, ఒక్కటి చేయండి చాలు. డబ్బు గురించో, పాస్‌వర్డ్ గురించో, అకౌంట్ ఆగిపోతుందనో ఏ మెయిల్ వచ్చినా అందులోని లింక్ నొక్కకండి, ఆ యాప్ మీరే తెరవండి లేదా అడ్రస్ మీరే టైప్ చేయండి. నిజంగా సమస్య ఉంటే అక్కడా కనిపిస్తుంది. 24 గంటల్లో అని గడువు పెట్టి టెన్షన్ పెడుతున్నారంటే అనుమానం ఇంకాస్త పెంచుకోండి.

ఒక్కోసారి మీ పాస్‌వర్డ్‌నే సబ్జెక్ట్‌లో రాసి, నీ కెమెరాలో అంతా రికార్డు చేశాను, డబ్బు పంపు అని బెదిరిస్తారు. గుండె జారిపోతుంది, నిజమే. సాధారణంగా ఆ పాస్‌వర్డ్ ఎప్పుడో ఏదో సైట్ నుంచి లీకైన జాబితాలోది, వాడి దగ్గర కెమెరా రికార్డూ లేదు ఏమీ లేదు. ట్రాయ్ హంట్ అనే సెక్యూరిటీ నిపుణుడు 2013లో పెట్టిన హావ్ ఐ బీన్ పౌన్డ్ అనే సైట్‌లో మీ ఈమెయిల్ ఇస్తే అది ఏ లీకుల్లో ఉందో చూపిస్తుంది. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే వెంటనే మార్చేయండి, మెయిల్‌కి మాత్రం జవాబివ్వకండి.

ఫిల్టర్ల సంగతి ఒక మాట. సొంతంగా రూల్స్ పెట్టుకోవచ్చు, మంచిదే, కానీ మాటల మీద పెట్టకండి. నేను ఒకసారి తెలివిగా, ఆఫర్ అనే మాట ఉన్న మెయిల్స్ అన్నీ నేరుగా డిలీట్ అయ్యేలా పెట్టాను. భలే పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే, నేను ఎదురుచూస్తున్న ఉద్యోగం ఆఫర్ లెటర్ కూడా దాంతోపాటే పోయింది, అవతలివాళ్లు నాలుగు రోజులకి ఫోన్ చేసి మీకు ఇష్టం లేదా అని అడిగేదాకా నాకు తెలియదు. అప్పట్నుంచి పంపినవాళ్ల అడ్రస్ మీదే రూల్ పెడతాను, అదీ డిలీట్ అని కాదు, ఇన్‌బాక్స్‌లోకి రాకుండా ఒక లేబుల్ కిందకి వెళ్లిపొమ్మని.

ఇదంతా లోపలికి వచ్చాక చేసేది. అసలు రాకుండా చేయాలంటే అడ్రస్ ఇచ్చే దగ్గరే జాగ్రత్త పడాలి. చెత్త ఎక్కువైందని పాత అడ్రస్ మొత్తం వదిలేసి కొత్తది తెరిచేవాళ్లున్నారు, అది ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం, ఎన్ని అకౌంట్లు ఆ పాతదానికి కట్టి ఉంటాయో తర్వాత తెలుస్తుంది. దాని బదులు రెండోది ఒకటి తెరవండి, పాతదాన్ని మనుషులకీ బ్యాంకుకీ ఉంచుకుని ఇకనుంచి మిగతా ప్రపంచానికంతా రెండోది ఇవ్వండి. జీమెయిల్‌లో ఇంకో సౌకర్యం ఉంది, మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట రాసినా మెయిల్ మీకే వస్తుంది. ఏదైనా సైట్‌కి ఇచ్చేటప్పుడు ప్లస్ తర్వాత ఆ సైట్ పేరు రాస్తే, రేపు ఆ అడ్రస్‌కి ఇంకెవడో మెయిల్ పంపితే మీ అడ్రస్ ఎక్కడి నుంచి బయటపడిందో తెలిసిపోతుంది. నాకు అలాగే ఒకడు దొరికాడు, మీ వివరాలు ఎవరికీ ఇవ్వం అని పెద్ద అక్షరాల్లో రాసుకున్నవాడే. అయితే కొన్ని ఫారాలు ప్లస్ గుర్తుని ఒప్పుకోవు, ప్లస్ నుంచి కోసేసి అసలు అడ్రస్ తీసుకోవడం కూడా ఎవడికైనా తేలికే. ఇంకా గట్టిగా కావాలంటే యాపిల్ వాళ్ల హైడ్ మై ఈమెయిల్, ఫైర్‌ఫాక్స్ రిలే లాంటివి సైట్‌కో మారు అడ్రస్ ఇస్తాయి, విసుగొచ్చిన రోజు ఆ ఒక్కదాన్ని ఆపేయొచ్చు.

చివరగా స్పామ్ ఫోల్డర్. జీమెయిల్‌లో 30 రోజులు దాటినవి వాటంతటవే పోతాయి, అందుకని వారానికోసారి సబ్జెక్ట్‌లు మాత్రం పైపైన చూసి, పొరపాటున పడ్డవాటికి నాట్ స్పామ్ కొట్టండి, ఆ పంపినవాళ్లని కాంటాక్ట్స్‌లో కలుపుకోండి. నేను శుక్రవారం సాయంత్రం చూస్తాను, రెండు నిమిషాల పని. పోయిన వారం అందులో ఒకటి దొరికింది, పాత స్నేహితుడు పదేళ్ల తర్వాత రాసింది, సబ్జెక్ట్‌లో ఉన్నదల్లా "హాయ్" మాత్రమే, పాపం ఫిల్టర్‌ని అనడానికి కూడా లేదు.