జనం మీద చేసిన పరిశోధనను ఎడిటర్ చేతికి ఎలా ఇవ్వాలి?

భూపాలపల్లి వైపు ఓపెన్‌కాస్ట్ గని పక్క ఊళ్లో బావుల సంగతి రాయాలనుకున్న స్కాలర్‌కు భూగర్భ జలాల లెక్కలు కావాలి, 1957 నాటి బొగ్గు భూముల సేకరణ చట్టం తెలియాలి, బిందెలు మోసే ఆడవాళ్ల మాటలూ కావాలి. ఈ మూడూ ఒకే పేపర్‌లో పెడితే మూడు శాఖల వాళ్లూ పెదవి విరిచే ప్రమాదం ఉంది. జియాలజీ ఆయనకు ఇంటర్వ్యూలు కాలక్షేపం కబుర్లలా కనిపిస్తాయి, సోషియాలజీ ఆవిడ పట్టిక చూడగానే పేజీ తిప్పేస్తుంది. ఇలాంటి రాతకు మంచి ఎడిటర్ (పత్రిక సంపాదకుడు కాదు, మీ డ్రాఫ్ట్‌ను దిద్దిపెట్టే మనిషి) దొరికితే సగం పని అయినట్టే. మిగతా సగం ఫైలు పంపకముందే మీరు చేసుకోవాల్సింది.

ముందు ఏ పని కావాలో తేల్చుకోండి

"ఒకసారి చూసిపెట్టండి" అంటే ఎడిటర్‌కు ఏమీ అర్థం కాదు. వాదన నిలబడుతోందా, అధ్యాయాల వరుస కుదిరిందా అని చూసేది డెవలప్‌మెంటల్ ఎడిటింగ్. వాక్యాలు, రెఫరెన్సులు దిద్దేది కాపీ ఎడిటింగ్. చివర్లో అచ్చుతప్పులు ఏరేది ప్రూఫ్ రీడింగ్. సబ్మిషన్ వారం రోజుల్లో ఉందనగా ప్రూఫ్ రీడింగ్‌కు డబ్బిచ్చి, వాదన గట్టిపడాలని ఆశించేవాళ్లే ఎక్కువ. వాదన సంగతి చూడాల్సింది మొదటి డ్రాఫ్ట్ అయ్యాక, ప్రీ-సబ్మిషన్ సెమినార్‌కు ముందు.

ఎవరు చదవాలో కూడా అప్పుడే నిర్ణయించుకోండి. సామాజిక శాస్త్రాల పత్రిక ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీకి, నీటి శాస్త్రానికి చెందిన ఒక హైడ్రాలజీ జర్నల్‌కు ఒకే డ్రాఫ్ట్ పనికిరాదు. 2025లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) తన కేర్ లిస్టును, అంటే తాను ఒప్పుకున్న జర్నల్స్ జాబితాను ఎత్తేసింది కాబట్టి, జర్నల్ మంచిదో కాదో కూడా ఇప్పుడు మనమే చూసుకోవాలి.

ఒక పేజీ నోట్, ఒక పదాల పట్టిక

పరిశోధన ప్రశ్న రెండు వాక్యాల్లో, ఏ పత్రికకు పంపుతున్నారో ఒక వాక్యంలో, ఎడిటర్ ముట్టుకోకూడనివి ఏమిటో మరో వాక్యంలో రాయండి. పోడు (అడవి భూమిలో సేద్యం), కౌలు, పట్టా, పాలు (పంటలో వాటాకు చేసే సేద్యం) లాంటి మాటలను పట్టికగా పెట్టి, ఒక్కోదానికి మీ ఊళ్లో ఉన్న అర్థం పక్కన రాయండి. ఢిల్లీలో కూర్చున్న ఎడిటర్‌కు కౌలుకు, పాలుకు తేడా తెలియాలని రూలేం లేదు.

పేర్లు మార్చితే సరిపోదు

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టండి. లక్ష్మిని సరోజ అని మార్చి, "ఆ ఊరి ఏకైక ఆశా కార్యకర్త" అని రాస్తే ఆమె ఎవరో మండలమంతటికీ తెలిసిపోతుంది. చిన్న ఊళ్లలో కులం, వృత్తి, ఇంటి చోటు మూడూ కలిస్తే అదే పేరు. పోడు భూమి గురించో, గని కాంట్రాక్టర్ గురించో మాట్లాడిన మనిషి అక్కడే బతకాలి. కాబట్టి ఎడిటర్‌కు పంపే కాపీలో ఊరి పేరు మార్చండి, మనిషిని గుర్తుపట్టించే వివరాలు రెండు కలవకుండా చూడండి. అసలు పేర్ల జాబితా వేరే ఫైల్లో, మీ దగ్గరే ఉండాలి. వర్డ్ ఫైలు మార్జిన్‌లో మీరు రాసుకున్న పాత కామెంట్లు, ఫొటోల్లో దాగిన లొకేషన్ కూడా తీసేయండి. ఇంటర్వ్యూలను ఉచిత ఏఐ సైట్లలో అతికించి గ్రామర్ దిద్దించుకోవడం అసలే వద్దు. ఇంటర్వ్యూ ఇచ్చిన మనిషి దానికి ఒప్పుకోలేదు కదా.

ఎడిటర్‌ను ఎంచుకోవడం

ముందు గైడ్‌కు చెప్పండి. కొందరు గైడ్లు బయటి ఎడిటింగ్‌కు ఒప్పుకోరు, ఆ సంగతి తర్వాత తెలిస్తే వైవాలో తలనొప్పి. తర్వాత ఇద్దరు ముగ్గురికి మీ డ్రాఫ్ట్‌లో కష్టమైన రెండు పేజీలే శాంపిల్‌గా పంపండి. కామాలు దిద్ది పంపినవాళ్లకన్నా ప్రశ్నలు అడిగినవాళ్లు మేలు. రేటు పదానికా, పేజీకా, రెండోసారి చూస్తే మళ్లీ ఎంత అన్నది మెయిల్‌లో రాయించుకోండి.

యూనివర్సిటీల చుట్టూ "సిమిలారిటీ (ఇతరుల రాతతో పోలిక) తగ్గిస్తాం" అనే బోర్డులకు దూరంగా ఉండండి. వాళ్లు చేసేది పదాలు తిప్పి రాయడం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే 6 నెలల్లోపు దిద్ది మళ్లీ ఇవ్వాలి, 40 దాటితే ఏడాది పాటు సబ్మిషన్ ఉండదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పదాలు తిప్పితే ఆ అంకె తగ్గొచ్చు, దొంగతనం మాత్రం దొంగతనమే.

ఫైలు తిరిగొచ్చాక

ఎడిటర్ చేసిన మార్పులను విడిగా చూపించే ట్రాక్ ఛేంజెస్‌లో "అన్నీ ఒప్పుకో" బటన్ నొక్కకండి. డ్రాఫ్ట్‌లో ఇలా ఉందనుకోండి: "గని విస్తరణలో భాగంగా గ్రామస్థులు భూములను కోల్పోవడం జరిగింది." మామూలు ఎడిటర్ దీన్ని "గని విస్తరణలో గ్రామస్థులు భూములు కోల్పోయారు" అని కుదిస్తాడు. పొట్టిగా అయింది, అంతే. పనితెలిసిన ఎడిటర్ మార్జిన్‌లో అడుగుతాడు: "ఎవరు తీసుకున్నారు? ఏ చట్టం కింద? పోగొట్టుకున్నది పట్టాదారులా, కౌలుదారులా, పోడు చేసుకునేవాళ్లా?" ఇక మీరు ఫీల్డ్ నోట్స్ మళ్లీ తియ్యాల్సిందే. పట్టాదారుకు పరిహారం వచ్చినా, కౌలుదారు పేరు రికార్డులో లేకపోవచ్చు. పోడు అయితే 2006 అటవీ హక్కుల చట్టం ముందుకొస్తుంది. ఒక్క వాక్యం మూడు పేరాలవుతుంది, మీ పేపర్‌లో అసలు విషయం ఆ మూడు పేరాల్లోనే ఉండొచ్చు.

జనం మాటల దగ్గర మాత్రం మీరు గట్టిగా ఉండండి. "బోరేస్తె దుబ్బ లేస్తాంది" అని ఆమె అంటే అది అలాగే ఉండాలి, పక్కన వివరణ ఇవ్వండి. "భూగర్భ జలాలు అడుగంటాయి" అని మారిస్తే అది ఆఫీసు ఫైలు మాట అయిపోతుంది. ఒప్పుకోని ప్రతి మార్పుకూ కారణం ఒక ముక్క రాసి పంపండి. ఎడిటర్లు ఏమీ అనుకోరు, మంచివాళ్లయితే సంతోషిస్తారు కూడా.

ఎడిటర్ సాయాన్ని కృతజ్ఞతల్లో రాయండి. ఏఐ వాడితే అదీ చెప్పండి. పేరున్న జర్నల్స్ ఏఐని రచయితగా ఒప్పుకోవు.

పేపర్ అయ్యాక ఊరికి ఇవ్వడానికి రెండు పేజీల తెలుగు సారాంశం రాస్తారు కదా, దాన్ని కూడా ఎడిటింగ్ ఖర్చులో కలపండి. చాలామంది దాన్ని ఆఖరి రాత్రి గబగబా రాసి జిరాక్స్ తీయిస్తారు. అచ్చుకు ముందు ఆ ఊరి మనిషి ఒకరికి చదివి వినిపించండి, ఎక్కడ ఆగి "అంటే ఏంది సారూ" అన్నారో అక్కడ తిరగరాయండి. హెక్టార్లు జర్నల్‌కు ఉంచి, ఇందులో ఎకరాలు, గుంటలు రాయండి.