శాలువా కన్నా ముందు స్కోర్‌బుక్కు: కాలేజీ బేస్‌బాల్‌లో ఆటగాళ్లను, కోచ్‌లను సత్కరించే పద్ధతి

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు కాలేజీల్లో సత్కారాలకు కొదవ లేదు. స్నేహసమ్మేళనాల రోజులు వచ్చాయంటే ఏ వేదిక చూసినా శాలువా, శ్రీఫలం (కొబ్బరికాయ), ఫేటా (తలపాగా). బేస్‌బాల్ జట్టు వంతు వచ్చేసరికి మాత్రం తడబాటు మొదలవుతుంది. ఎవరు బాగా ఆడారో చెప్పే కాగితం ఎవరి దగ్గరా ఉండదు, అందరికీ గుర్తున్నది ఫైనల్లో పడిన హోమ్ రన్ (నాలుగు బేస్‌లూ చుట్టించే దెబ్బ) ఒక్కటే. కప్పు ఆ కొట్టినవాడికి, చప్పట్లు మిగతావాళ్లకు. అందుకని ఈ పని వేడుకకు వారం ముందు కాదు, సీజన్ మొదటి మ్యాచ్ నాడే మొదలుకావాలి. ముందు కొనాల్సింది శాలువాలు కాదు, స్కోర్‌బుక్కు.

స్కోరు రాయడానికి జట్టులో లేని విద్యార్థిని ఒకరిని, ఆ మనిషి రాని రోజుకు ఇంకొకరిని పెట్టండి. క్రికెట్ స్కోరు రాసి అలవాటున్నవాళ్లు త్వరగా నేర్చుకుంటారు గానీ వాళ్ల చేత ఒక తప్పు మాన్పించాలి: బ్యాటర్ బేస్ చేరితే చాలు, హిట్ (తన దెబ్బతోనే సంపాదించిన బేస్) అని గీసేయడం. ఉదాహరణకు బంతి నేలబారుగా నేరుగా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) దగ్గరికి వచ్చింది. అతను వంగాడు, గ్లవ్ ఆలస్యంగా దించాడు, బంతి కాళ్ల సందులోంచి పోయింది. బ్యాటర్ ఫస్ట్ బేస్ మీద నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. మామూలు ప్రయత్నంతో అవుట్ అయ్యే బంతి కాబట్టి అది హిట్ కాదు. ఇ అంటే ఎర్రర్, అంటే ఫీల్డర్ తప్పు. షార్ట్‌స్టాప్ స్థానం నంబరు 6, అందుకని గడిలో ‘ఇ-6’ అని పడాలి. బ్యాటర్ లెక్కలో ఎట్‌ బ్యాట్ (యావరేజ్ లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశం) ఒకటి పెరుగుతుంది, హిట్ పెరగదు. ముందున్న రన్నర్‌ను అవుట్ చేసే ప్రయత్నంలో బ్యాటర్ బేస్ చేరినా అంతే, అది ఫీల్డర్స్ ఛాయిస్. ఇక వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా వచ్చే ఫస్ట్ బేస్), ఒంటికి బంతి తగిలి బేస్‌కు పోవడం, శాక్రిఫైస్ బంట్, శాక్రిఫైస్ ఫ్లై (తాను అవుటై రన్నర్‌ను ముందుకు పంపే మెత్తటి తాకుడు, ఎత్తు దెబ్బ): ఈ నాలుగూ ఎట్‌ బ్యాట్ లెక్కలోకే రావు. ఈ నాలుగు మాటలూ బుక్కు అట్ట లోపల పెద్దక్షరాలతో రాసి పెట్టుకోవాలి. హిట్టా, ఎర్రరా అన్నది స్కోరర్ తేల్చాల్సిన మాట. మ్యాచ్ అయ్యాక కోచ్ వచ్చి ‘మనవాడిది హిట్టే కదా’ అన్నా పెన్సిల్ కదలకూడదు.

సీజన్ ముగిశాక బ్యాటింగ్ యావరేజ్ (హిట్లను ఎట్‌ బ్యాట్‌లతో భాగిస్తే వచ్చేది) ఒక్కటే చూసి ఉత్తమ బ్యాటర్‌ను తేల్చేయడం ఇంకో పొరపాటు. ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటివాడు 20 ఎట్‌ బ్యాట్‌లలో 9 హిట్లు కొట్టాడు, అన్నీ సింగిల్సే (ఒక్క బేస్ దెబ్బలే), వాక్ ఒకటి. యావరేజ్ 0.450. రెండోవాడు 16 ఎట్‌ బ్యాట్‌లలో 6 హిట్లే కొట్టాడు, యావరేజ్ 0.375. ఆ ఆరింటిలో 2 డబుల్స్ (రెండు బేస్‌ల దెబ్బలు), 1 హోమ్ రన్ ఉన్నాయి. పైగా 6 వాక్‌లు, ఒకసారి ఒంటికి తగిలిన బంతి, ఒక శాక్రిఫైస్ ఫ్లై. ఇప్పుడు ఆన్‌బేస్ లెక్క, అంటే ఎన్నిసార్లకు ఎన్నిసార్లు బేస్ చేరాడన్నది కడదాం. హిట్లు, వాక్‌లు, ఒంటికి తగిలినవి కలిపి పైన వేయాలి. ఎట్‌ బ్యాట్‌లు, వాక్‌లు, ఒంటికి తగిలినవి, శాక్రిఫైస్ ఫ్లైలు కలిపి కింద వేయాలి. మొదటివాడికి 21కి 10, అంటే 0.476. రెండోవాడికి 24కి 13, అంటే 0.542. స్లగ్గింగ్ అంటే హిట్ల మీద వచ్చిన మొత్తం బేస్‌లను ఎట్‌ బ్యాట్‌లతో భాగించడం. మొదటివాడిది 9 బేస్‌లే, 0.450. రెండోవాడికి మూడు సింగిల్స్‌కు 3, డబుల్స్‌కు 4, హోమ్ రన్‌కు 4, మొత్తం 11 బేస్‌లు, 0.688. రెండూ కలిపితే వచ్చేది ఓపీఎస్: మొదటివాడిది 0.926, రెండోవాడిది 1.229. యావరేజ్ చూసి మొదటివాడికి కప్పిస్తే జట్టును నడిపించిన మనిషి కింద కూర్చొని చూస్తూ ఉంటాడు.

బంతి విసిరే పిచ్చర్ల లెక్కలో చుక్క మోసం చేస్తుంది. బుక్కులో 14.2 ఇన్నింగ్స్ అని ఉంటే చుక్క తర్వాతి 2 రెండు అవుట్లు, అంటే అది పద్నాలుగూ, మూడింట రెండు వంతులు. పద్నాలుగు పాయింట్ రెండు కాదు. ఆ పిచ్చర్ ఇచ్చిన ఎర్న్‌డ్ రన్లు (ఎర్రర్ల వల్ల కాకుండా వచ్చినవి) 4 అనుకోండి. 4ను 9తో గుణించి 14.667తో భాగిస్తే ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన ఎర్న్‌డ్ రన్ల సగటు, 2.45. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 14.2 అనే కొడితే 2.54 వస్తుంది. పోటీ బిగువుగా ఉంటే ఈ తేడాతోనే అవార్డు చేతులు మారిపోతుంది. మీ మ్యాచ్‌లు 7 ఇన్నింగ్స్‌వైతే 9 బదులు 7తో గుణించండి, కానీ అందరికీ ఒకే అంకె వాడాలి. అమ్మాయిల సాఫ్ట్‌బాల్ ఆట 7 ఇన్నింగ్స్‌దే కాబట్టి వాళ్లకు ఎలాగూ 7. ఎర్రర్ వల్ల వచ్చిన రన్ను పిచ్చర్ మీద వేయకూడదు. ఇందాకటి ‘ఇ-6’ సరిగా రాయకపోతే ఇక్కడ పిచ్చర్‌కు కూడా అన్యాయం జరుగుతుంది.

కనీస అర్హత ముందే ప్రకటించాలి. రెండు సార్లు బ్యాట్ పట్టి రెండు హిట్లు కొట్టినవాడి యావరేజ్ 1.000, వాడు ఉత్తమ బ్యాటర్ కాడు కదా. అమెరికా మేజర్ లీగ్‌లో బ్యాటింగ్ టైటిల్‌కు జట్టు ఆడిన మ్యాచ్ ఒక్కింటికి 3.1 ప్లేట్ అపియరెన్సులు (వాక్‌లు, శాక్రిఫైస్‌లతో సహా బ్యాటింగ్‌కు వచ్చిన అన్నిసార్లు), ఈఆర్‌ఏ టైటిల్‌కు మ్యాచ్‌కు ఒక ఇన్నింగ్స్ చొప్పున ఉండాలి. ఆరేడు మ్యాచ్‌ల కాలేజీ సీజన్‌కు బ్యాటర్‌కు మ్యాచ్‌కు రెండు, పిచ్చర్‌కు మ్యాచ్‌కు ఒక ఇన్నింగ్స్ పెడితే సరిపోతుంది.

ఫీల్డింగ్ శాతాన్ని (వచ్చిన బంతుల్లో ఎర్రర్ లేకుండా ముగించినవాటి శాతం) మాత్రం నమ్మొద్దు. బంతి దగ్గరికి చేరలేనివాడికి ఎర్రరే పడదు, అందుకని నెమ్మదిగా కదిలేవాడి శాతం ముచ్చటగా కనిపిస్తుంది. పుట్ అవుట్‌లు (తానే ముగించిన అవుట్లు), అసిస్ట్‌లు (బంతి విసిరి సాయపడ్డ అవుట్లు) ఎన్ని ఉన్నాయో చూసి, ఆ పైన అంపైర్ల మాట అడగండి. బ్యాటర్ వెనక కూర్చొని బంతి పట్టే క్యాచర్‌కు విడిగా ఒక అవార్డు పెట్టడం మంచిది. అమెరికా కాలేజీ ఆటలో 2000 నుంచి క్యాచర్‌కు ప్రత్యేక అవార్డు ఉంది. మొదట జానీ బెంచ్ పేరు మీద ఇచ్చేవారు, ఇప్పుడు బస్టర్ పోజీ పేరు మీద ఇస్తున్నారు. బేస్ దొంగిలించబోయిన రన్నర్లలో ఎందరిని పట్టాడు, పాస్డ్ బాల్స్ (పట్టాల్సింది జారిపోగా రన్నర్ ముందుకెళ్లిన బంతులు) ఎన్ని వదిలాడు అన్న రెండు అంకెలు చాలు. ఎండలో ఆ గేర్ వేసుకొని గొంతుక్కూర్చున్న మనిషిని గుర్తించడానికి అంతకన్నా పెద్ద లెక్క అక్కర్లేదు.

అంకెలు సిద్ధమయ్యాక ఓటు. అంపైర్లు, కోచ్‌లు, స్కోరర్లు తలా మూడు పేర్లు రాస్తారు: మొదటి పేరుకు 3 పాయింట్లు, రెండో పేరుకు 2, మూడో పేరుకు 1. తన కాలేజీ ఆటగాడికి ఎవరూ ఓటు వేయకూడదు. ఈ ఒక్క నియమం లేకపోతే మిగతావన్నీ దండగ. పాయింట్లు సమానమైతే ఏం చేయాలో కూడా ముందే రాసుకోవాలి, ఇద్దరికీ ఇవ్వడమో, ఓపీఎస్ చూడటమో. టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడి చీటీలను ఫైనల్ చివరి అవుట్ పడ్డాకే తీసుకోండి. ట్రోఫీ మీద పేరు చెక్కించాలన్న తొందరలో ముందురోజే తేల్చేస్తుంటారు. పేరు పలక ఖాళీగా ఉంచి తర్వాత అతికించుకోవచ్చు. గెలిచిన జట్టు నుంచే ఎంచాలన్న పట్టుదలా వద్దు. 1996లో ఒమాహాలో జరిగిన అమెరికా కాలేజీల జాతీయ పోటీ, కాలేజ్ వరల్డ్ సిరీస్ ఫైనల్లో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, రెండు అవుట్లు పడ్డాక, వారెన్ మోరిస్ హోమ్ రన్‌తో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) గెలిచింది. ఆ కాలేజీ ఆటలో అంతకన్నా పేరున్న దెబ్బ అరుదు. అయినా ఉత్తమ ఆటగాడి గౌరవం ఓడిన మియామీ జట్టులోని పాట్ బరెల్‌కు దక్కింది. చూసింది టోర్నమెంట్ మొత్తాన్ని, ఆఖరి బంతిని కాదు.

కోచ్‌ను ఎంచడం ఇంకా కష్టం. కప్పుల లెక్కతో తేల్చేస్తే ఏటా పెద్ద ఊరి కాలేజీకే పోతుంది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో మైక్ మార్టిన్ 1980 నుంచి 2019 దాకా 40 సీజన్లు కోచ్‌గా ఉన్నాడు. 2,029 మ్యాచ్‌లు గెలిపించాడు, 17 సార్లు జట్టును ఒమాహాకు తీసుకెళ్లాడు, ఒక్కసారీ టైటిల్ రాలేదు. అక్కడి మైదానానికి ఆయన పేరే పెట్టారు. మన దగ్గర చూడాల్సినవి మూడు: సీజన్ మొదట్లో గ్లవ్ ఏ చేతికి వేసుకోవాలో తెలియని పిల్లలు ఎందరు చివర్లో మ్యాచ్ ఆడారు, మొదటి మూడు మ్యాచ్‌ల ఎర్రర్లకు, చివరి మూడింటి ఎర్రర్లకు తేడా ఎంత, పిచ్చర్ల చేతులను ఎలా వాడుకున్నారు. మూడోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం 17, 18 ఏళ్లవాళ్లు రోజుకు 105 పిచ్‌లు (విసిరే బంతులు) దాటకూడదు, 81 గానీ అంతకు మించి గానీ వేస్తే 4 రోజుల విశ్రాంతి ఇవ్వాలి. 19 నుంచి 22 ఏళ్లవాళ్లకు రోజు హద్దు 120. స్కోర్‌బుక్కులో పిచ్‌ల సంఖ్య ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. ఒకే కుర్రవాడి భుజం మీద మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు గెలిచిన కోచ్ పేరు, ఎన్ని కప్పులు తెచ్చినా, ఈ అవార్డు జాబితాలో ఉండకూడదు. జట్టుకు సంతకాలు పెట్టే స్పోర్ట్స్ డైరెక్టర్‌ను, రోజూ గ్రౌండ్‌లో నిలబడి నేర్పిన మనిషిని ఒకటే చేయకండి. ఇద్దరూ వేరైతే అవార్డు రెండోవారిది. తెల్లవారి లేచి సున్నం గీతలు గీసిన మనిషికీ ఒక శాలువా వేయండి, ఖర్చు పెద్దదేం కాదు.

ఏం ఇవ్వాలి అన్నదానికి పెద్ద ట్రోఫీ అక్కర్లేదు. ఆ ఆటగాడు మెరిసిన మ్యాచ్‌లో వాడిన బంతినే దాచి ఇవ్వండి. దారం కుట్లు దగ్గరగా వచ్చే చోట, రెండు కుట్ల మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది, పేరూ తేదీ అక్కడ రాయాలి. నీలం బాల్ పెన్ వాడండి. మార్కర్‌తో రాస్తే తోలులో సిరా పాకి, కొంతకాలానికి అక్షరాలు అలుక్కుపోతాయి. ఎండ తగిలే షోకేసులో పెడితే బాల్ పెన్ రాత కూడా వెలుస్తుంది.

సన్మాన పత్రం మీద ‘ఉత్తమ ప్రతిభ కనబరిచినందుకు’ అని అచ్చు వేయిస్తే అది ఎవరికైనా సరిపోతుంది, అంటే ఎవరిదీ కాదు. ‘6 హిట్లు, 6 వాక్‌లు, ఆన్‌బేస్ 0.542’ అని ఒక్క వరుస రాయండి. ఇంట్లో గోడకు పెట్టుకునేది ఆ వరుసే. పేర్ల దగ్గర మన ప్రాంతానికి ఒక చిక్కుంది. తెలుగువాళ్లు ఇంటిపేరు ముందు పెట్టి పిలుస్తారు. మరాఠీ పత్రికల్లో తన పేరు, తండ్రి పేరు, చివర్న ఇంటిపేరు. ఇంటి దగ్గర విన్న పేరు ఒకటి, కాలేజీ రిజిస్టర్‌లోది ఒకటి అయ్యి, పత్రం మీద తండ్రి పేరే ఆటగాడి పేరైపోతుంది. మార్కుల మెమోలో ఎలా ఉంటే అలాగే, అక్షరం తప్పకుండా రాయాలి. మరాఠీ, తెలుగు రెండు భాషల్లో అచ్చు వేయిస్తే తెలుగు మాటలు ఫోన్ నుంచి కాపీ చేసి డీటీపీ వాళ్లకు పంపొద్దు. మరాఠీకి అలవాటుపడ్డ పాత సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోయి పక్కకు పడతాయి, ‘స్మృతి’ ముక్కలవుతుంది. తెలుగు పేజీని పీడీఎఫ్ చేసి ఇవ్వండి, లేదా నిజామాబాద్‌లో చేయించండి. ఏదైనా మొదటి ప్రతి చేతిలో పట్టుకొని చదివాకే మిగతావి కొట్టించాలి. ఇంకొక మాట: మహారాష్ట్రలో ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న 5 శాతం క్రీడా రిజర్వేషన్‌కు కాలేజీ ఇచ్చే ఈ పత్రం పనికిరాదు, దానికి గుర్తింపు పొందిన పోటీల సర్టిఫికెట్లు కావాలి. తల్లిదండ్రులకు ఇది ముందే చెప్పడం మేలు.

వేదిక మీద ఫేటాలు కట్టడం మొదలుపెడితే కార్యక్రమం అక్కడే ఆగిపోతుంది. పిలవబోయే వాళ్లందరికీ అరగంట ముందే పక్క గదిలో కట్టించేయండి. వేదిక మీద శాలువా, శ్రీఫలం, బంతి, పత్రం, ఈ వరుసలో. రెండు చేతుల్లో ఇన్ని పట్టవు కాబట్టి కొబ్బరికాయ జారి కింద పడేది ఎప్పుడూ పత్రం ఇచ్చేటప్పుడే. శ్రీఫలం ఇవ్వగానే వెనక నుంచి అందుకునే మనిషిని నిలబెట్టండి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, అందులో ముప్పై సెకన్లు స్కోర్‌బుక్కు వరుస చదవడానికి, మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. అబ్బాయిలకు, అమ్మాయిలకు ట్రోఫీ ఒకే సైజుది, శాలువా ఒకే రకంది. కోచ్‌ను చివర్న పిలవండి, జట్టంతా పైకెక్కి కాళ్లకు దండం పెట్టడానికి వేదిక ముందు భాగం ఖాళీగా ఉంచండి. ముఖ్య అతిథి ప్రసంగం అవార్డుల తర్వాతే. ముందు పెడితే ఊళ్లకు వెళ్లే ఆఖరి ఎస్టీ బస్సు దాటిపోతుందని తల్లిదండ్రులు లేచిపోతారు, పిల్లవాడు శాలువాతో దిగేసరికి వాళ్ల కుర్చీలు ఖాళీ.

జెర్సీ నంబరుకు వీడ్కోలు చెప్పడం కొందరికి ముచ్చట. మేజర్ లీగ్ 1997లో జాకీ రాబిన్సన్ 42ను అన్ని జట్లలోనూ ఆపేసింది. ఇరవై జెర్సీలతో నడిచే జట్టుకు ఆ సోకు కుదరదు. ఎల్‌ఎస్‌యూలో 8వ నంబరును మంచి నడవడి, పట్టుదల ఉన్న ఆటగాడికి అప్పగిస్తూ వస్తారు. మనకు సరిపడేది అదే, జెర్సీ బీరువాలో ఊరికే పడి ఉండదు.

వేడుక మర్నాడు స్కోర్‌బుక్కు ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసి రెండు చోట్ల దాచండి, పెన్సిల్ రాత మసకబారుతుంది, స్టోర్ రూమ్‌లో చెదలు ఎలాగూ ఉంటాయి. బుక్కును ప్లాస్టిక్ కవర్లో పెట్టి వచ్చే ఏడు రాయబోయే స్కోరర్ చేతికి ఇచ్చి, అట్ట మీద సంతకం తీసుకోండి.