అమెరికాకు కొత్తగా వచ్చారా? తుపాకుల గురించి ముందే తెలుసుకోవాల్సినవి

దిగిన మొదటి వారంలోనే మీ కంట పడుతుంది. మా డాలస్ వైపు అయితే కిరాణా షాపు తలుపు మీదో, హాస్పిటల్ గుమ్మం పక్కనో ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంటుంది. అందులో 30.06 అనో 30.07 అనో అంకెలు. అవి టెక్సస్ శిక్షాస్మృతిలోని సెక్షన్లు. లైసెన్సు ఉన్నా సరే, హ్యాండ్‌గన్ దాచిపెట్టుకుని లోపలికి రావద్దని మొదటిది, పైకి కనిపించేలా పెట్టుకుని రావద్దని రెండోది చెబుతాయి. ఆ బోర్డు లేని చాలా చోట్ల తేవచ్చనే అర్థం. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ 21 ఏళ్లు నిండి, చట్టపరంగా అడ్డంకి లేనివాళ్లు హ్యాండ్‌గన్ వెంట పెట్టుకు తిరగడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు.

రాష్ట్రం మారితే కథ మారిపోతుంది. న్యూజెర్సీలో గన్ కొనాలంటే ముందు పర్మిట్ తీసుకోవాలి. కాలిఫోర్నియాలో డబ్బు కట్టాక 10 రోజులు ఆగితేగానీ చేతికివ్వరు. టెక్సస్‌లో అలా ఆగే పని లేదు. కాబట్టి పక్క రాష్ట్రంలో ఉన్న బావగారు చెప్పిన రూల్ మీ ఊళ్లో చెల్లుతుందని అనుకోవద్దు.

కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "మాల్‌కి వెళ్లొచ్చా అండీ? భయం లేదా?" ఆ భయం నాకు తెలుసు. 2023 మేలో మాకు దగ్గర్లోనే అలెన్ మాల్‌లో కాల్పులు జరిగి 8 మంది చనిపోయారు. వాళ్లలో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ తర్వాత చాలా రోజులు ఎక్కడికి వెళ్లినా ముందు ఎగ్జిట్ ఎటుందో చూసుకునేదాన్ని. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు, పోనవసరం లేదు కూడా. కానీ లెక్కలు ఇంకో మాట చెబుతాయి. అదే ఏడాది దేశం మొత్తం మీద తుపాకీ వల్ల పోయిన ప్రాణాలు 46,728. వాటిలో సుమారు 27,300 ఆత్మహత్యలు, 17,900 పైచిలుకు హత్యలు. మనం టీవీలో చూసి వణికిపోయే సామూహిక కాల్పుల వాటా వందలో ఒకటి రెండుకు మించదు. మనం భయపడే చోటు ఒకటి, ప్రాణాలు పోయే చోటు ఇంకొకటి. ఎక్కువ ప్రాణాలు పోయేది తెలిసిన ఇంట్లో, తెలిసిన చేతుల్లో.

ముందు చట్టం సంగతి. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, బి-2 ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ వీసాలు. ఫెడరల్ చట్టం ప్రకారం ఈ వీసాల మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. టెక్సస్ అయినా కాలిఫోర్నియా అయినా ఇది ఒకటే. కొన్ని మినహాయింపులున్నాయి. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉండటం వాటిలో ఒకటి. ఈ ఒక్క మాట పట్టుకుని మన కుర్రాళ్లు ఆన్‌లైన్‌లో వేట లైసెన్సు తీసుకుని గన్ షాపుకి వెళ్తున్నారు. దయచేసి వద్దు. 2024లో ఒక తెలుగు విద్యార్థి తన వేట తుపాకీ శుభ్రం చేసుకుంటుంటే అది పేలి ప్రాణం పోయింది. మన ఊళ్లో చిన్నప్పటి నుంచీ గన్ పట్టుకుని పెరిగినవాళ్లం కాదు మనం. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేసినా చాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, ఇంకో తూటా ఉండిపోవచ్చని కూడా చాలామందికి తెలియదు.

షూటింగ్ రేంజ్, అంటే డబ్బు కట్టి గన్ పేల్చే చోటు, ఇంకో చిక్కు. లాంగ్ వీకెండ్ వస్తే ఆఫీసులో ఎవరో ఒకరు "రా, రేంజ్‌కి పోదాం, సరదాగా ఉంటుంది" అంటారు. అద్దెకు తీసుకుని పది నిమిషాలు పేల్చినా చట్టం దృష్టిలో అది దగ్గర ఉంచుకోవడమే అవుతుంది. చేతిలో గన్‌తో దిగిన ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే సాక్ష్యం మీరే ఇచ్చినట్టు. అనర్హులై ఉండి గన్ దగ్గర పెట్టుకుంటే 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. గన్ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేసే అవకాశం కూడా ఉంటుంది, అది గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉంటే కొనుక్కోవచ్చు. ప్రాసెసింగ్ మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం వాట్సాప్ గ్రూపులో కాకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

"సరే, మాకు గ్రీన్ కార్డు వచ్చింది, సొంత ఇల్లు కొన్నాం, రక్షణకి ఒకటి ఉంటే మంచిది కదా" అనే మాట ఇప్పుడు మన ఇళ్లల్లోనూ వినిపిస్తోంది. ఆ నిర్ణయం తీసుకునే ముందు పరిశోధనలు ఏం చెప్పాయో, అవి ఎంతకాలం ఎందుకు ఆగిపోయాయో తెలుసుకోండి.

1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ అనే డాక్టరు, ఆయన బృందం మూడు కౌంటీల్లో ఇళ్లల్లో జరిగిన హత్యలను పరిశీలించారు. గన్ ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు హత్యకు గురయ్యే ప్రమాదం లేని ఇంటితో పోలిస్తే 2.7 రెట్లు ఉందని తేల్చారు. చేస్తున్నది ఎక్కువగా బయటి దొంగలు కాదు, కుటుంబ సభ్యులు, బాగా తెలిసినవాళ్లు. దీనికి డబ్బిచ్చింది సీడీసీ, అంటే జబ్బుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ. గన్ యజమానుల తరఫున పనిచేసే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ దీనిమీద మండిపడింది. 1996లో ఆర్కన్సాకు చెందిన జే డికీ అనే కాంగ్రెస్ సభ్యుడి పేరు మీద బడ్జెట్‌లో ఒక వాక్యం చేరింది: గాయాల నివారణకిచ్చే సొమ్మును గన్ కంట్రోల్‌ని సమర్థించడానికో ప్రచారం చేయడానికో వాడకూడదని. పరిశోధన చేయొద్దని అందులో లేదు. కానీ దాంతోపాటే 26 లక్షల డాలర్లు సీడీసీ చేతిలోంచి తీసేశారు. అంతకుముందు ఏడాది తుపాకీ గాయాల పరిశోధనకి వాళ్లు ఖర్చుపెట్టింది సరిగ్గా అంతే. సంకేతం అందరికీ అర్థమైంది. ఇరవై ఏళ్లకు పైగా ఫెడరల్ డబ్బుతో ఈ పరిశోధన దాదాపు ఆగిపోయింది. ఈ రంగంలోకి వద్దామనుకున్న కుర్ర డాక్టర్లు వేరే దారి చూసుకున్నారు.

నన్ను కదిలించేది ఆ తర్వాత జరిగింది. డికీకి, అప్పట్లో సీడీసీలో ఆ విభాగం నడిపిన మార్క్ రోజెన్‌బర్గ్‌కి మొదట్లో పడేది కాదు. తర్వాత స్నేహితులయ్యారు. 2012లో ఇద్దరూ కలిసి వాషింగ్టన్ పోస్ట్‌లో వ్యాసం రాశారు, ఈ పరిశోధన జరగాల్సిందేనని. కార్లను ఎవరూ నిషేధించలేదు, అయినా సీటు బెల్టులు, మెరుగైన రోడ్లు, పరిశోధనల పుణ్యమా అని ప్రమాద మరణాలు తగ్గాయి కదా, ఇదీ అలాగే చేయొచ్చన్నది వాళ్ల వాదన. చివరికి 2020 బడ్జెట్‌లో సీడీసీకి, వైద్య పరిశోధన చూసే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్‌కి కలిపి 2.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. మధ్యలో పోయిన ఆ ఇరవై ఏళ్లలో ఎన్ని ప్రశ్నలకు జవాబులు దొరికేవో! ఇవాళ్టికీ చాలా గన్ చట్టాలు పనిచేస్తాయా లేదా అంటే గట్టి ఆధారం తక్కువగా ఉండటానికి ఒక కారణం ఇదే.

దొరికిన జవాబులు కొన్ని మాత్రం బలమైనవి. కనెటికట్ 1995లో హ్యాండ్‌గన్ కొనడానికి పర్మిట్ తప్పనిసరి చేసింది, మిజోరీ 2007లో ఉన్న పర్మిట్ చట్టాన్ని ఎత్తేసింది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు రెండూ పరిశీలించి, మొదటి చోట తుపాకీ హత్యలు తగ్గాయని, రెండో చోట పెరిగాయని రాశారు. పిల్లలకు అందకుండా గన్ దాచాలనే చట్టాలు పిల్లల ఆత్మహత్యల్ని, పొరపాటున పేలి అయ్యే గాయాల్ని తగ్గిస్తాయనడానికి ఆధారం గట్టిగానే ఉందని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ చెప్పింది. ఇంకొకటి: ఇంట్లో గన్ ఉంటే ప్రమాదం అనే ఇలాంటి లెక్కల మీద "ప్రమాదంలో ఉన్నవాళ్లే గన్ కొంటారేమో" అనే విమర్శ ఉండేది. 2020లో కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మంది వివరాలతో చేసిన అధ్యయనం వచ్చింది. హ్యాండ్‌గన్ ఉన్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకోవడం లేనివాళ్లకన్నా దాదాపు 8 రెట్లు, ఆడవాళ్లలో 35 రెట్లు ఎక్కువ. దొంగ కోసమని కొన్న గన్ ఎవరి మీద పేలుతోందో చూడండి.

అందుకే చదువుకునే పిల్లలకు, హెచ్-1బి ఉద్యోగం పోయి, కొత్తది వెతుక్కోవడానికి ఉన్న 60 రోజుల గడువు లెక్క పెట్టుకుంటున్నవాళ్లకు నా మాట. ఇంటి దగ్గర అప్పు, ఇక్కడ ఒంటరితనం, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నేను చూశాను. బతుకు వద్దనిపించే ఘడియ చాలామందికి కొద్దిసేపే ఉంటుంది. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్లలో అత్యధికులు తర్వాత ఆత్మహత్యతో చనిపోలేదు. గన్ దగ్గరుంటే ఆ ఘడియ దాటే అవకాశమే ఇవ్వదు. రూమ్మేట్ మాట్లాడటం మానేశాడు, వస్తువులు పంచిపెడుతున్నాడు, "నేను లేకపోతేనే మేలు" అంటున్నాడు అనుకోండి, మొహమాటం లేకుండా నేరుగా అడగండి, ఒంటరిగా వదలొద్దు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినప్పుడు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఎవరైనా, ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. మీ కోసమే కాదు, స్నేహితుడి కోసం కూడా. ఇంటర్‌ప్రెటర్‌ని అడగవచ్చు.

బయట తిరిగేటప్పుడు మూడు సంగతులు. పోలీసు కారు ఆపితే మన దగ్గరలా దిగి ఎదురెళ్లకండి. సీట్లోనే ఉండి, చేతులు స్టీరింగ్ మీద పెట్టి, లైసెన్సు తీయమన్నాకే "గ్లవ్ బాక్స్‌లో ఉంది, తీస్తున్నాను" అని చెప్పి తీయండి. కారులో గన్ ఉండొచ్చన్న భయం ఆయనకీ ఉంటుంది. రెండోది, ఇల్లు సరిచూసుకుని బెల్లు కొట్టండి. 2023 ఏప్రిల్‌లో కాన్సస్ సిటీలో తమ్ముళ్లను తీసుకెళ్లడానికి పొరపాటున వేరే ఇంటి బెల్లు కొట్టిన 16 ఏళ్ల కుర్రాణ్ణి ఇంటాయన కాల్చాడు. దేవుడి దయవల్ల బతికాడు. రాత్రిపూట అడ్రస్ అనుమానంగా ఉంటే కారులోంచే ఫోన్ చేయండి. మూడోది, గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో రాత్రి షిఫ్టులు. దోపిడీల్లో మన పిల్లలు పోయిన వార్తలు ఇప్పటికే చాలా విన్నాం. అనుమతి లేని పనైతే అసలే వద్దు. ఉన్న పనిలో ఎవరైనా గన్ చూపిస్తే గల్లా తెరిచి ఇచ్చేయండి. ఆ డబ్బు మీది కాదు, ప్రాణం మీది.

ఇక పిల్లలు. స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్, అంటే గన్‌తో ఎవరైనా వస్తే ఏం చేయాలో ముందే చేయించే అభ్యాసం, ఉంటుందని తెలుసుకోండి. లైట్లు ఆపేసి, తలుపు గడియ వేసి, పిల్లల్ని ఒక మూల నిశ్శబ్దంగా కూర్చోబెడతారు. మా అమ్మాయికి అయిదేళ్లప్పుడు నడిస్తే లైట్లు వెలిగే బూట్లుండేవి, ఎంతో ఇష్టపడి కొనిపించుకుంది. ఒకరోజు ఇంటికొచ్చి వాటిని అలమర అడుగున పెట్టేసింది. "చీకట్లో కూర్చున్నప్పుడు ఇవి వెలిగితే మేం కనిపిస్తాం కదమ్మా" అంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. దగ్గరికి తీసుకుని కూర్చున్నాను. మీ పిల్లలు చెప్పినప్పుడు "అదేం లేదులే" అని కొట్టిపారేయకండి, పూర్తిగా చెప్పనివ్వండి.

అంతకన్నా ముఖ్యం, స్నేహితుల ఇళ్లకి ఆడుకోవడానికి పంపేటప్పుడు. 2020 నుంచి ఈ దేశంలో 1 నుంచి 19 ఏళ్లలోపు పిల్లల మరణాలకి మొదటి కారణం తుపాకీ. కారు ప్రమాదాలకన్నా ఎక్కువ. అందుకే పల్లీలు పడవని చెప్పినట్టే ఇదీ అడిగేయండి. నేను పంపే మెసేజ్ ఇలా ఉంటుంది: "మా పాపకి పల్లీలు పడవు. స్విమ్మింగ్ పూల్ ఉందా? ఇంట్లో గన్ ఉంటే తాళం వేసి ఉంటుందా?" మూడూ ఒకే వరుసలో. మొదటిసారి పంపేటప్పుడు చేతులు వణికాయి. అవతలి అమ్మ అయిదు నిమిషాల్లో జవాబిచ్చింది, ఉందని, సేఫ్‌లో ఉందని, తూటాలు విడిగా ఉంటాయని. ఇన్నేళ్లలో ఒక్కరే నొచ్చుకున్నారు. ఆ వారం పిల్లల్ని మా ఇంటికే రమ్మన్నాను. తెలుగువాళ్ల ఇల్లైనా అడగండి. "మనవాళ్లే కదా" అన్న నమ్మకం తాళం పని చేయదు.

మీ ఇంట్లోనే ఉంటే గన్‌లో తూటాలు తీసేసి తాళం వేయండి, తూటాలు వేరే చోట తాళం వేసి పెట్టండి. తాళంచెవి, కోడ్ పిల్లలకు తెలియకూడదు. దిండు కింద, బీరువా పైన చీరల మధ్య దాచడం దాచడం కాదు, నాలుగేళ్ల పిల్ల కూడా వెతికేస్తుంది. టెక్సస్‌లో తూటాలున్న గన్ నిర్లక్ష్యంగా వదిలేసి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే అది నేరం కూడా. తాళం లేదంటే చాలా ఊళ్లలో పోలీస్ స్టేషన్లలో కేబుల్ లాక్ ఉచితంగా ఇస్తారు. నాన్ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి, ఉన్నాయో లేదో కనుక్కుని వెళ్లండి. వెళ్లేటప్పుడు గన్ తీసుకెళ్లక్కర్లేదు.