పెంపుడు పాముకు కుబుసం సరిగా ఊడనప్పుడు

పెంపుడు పాము కుబుసం విడిచే వేళ యజమాని చేయవలసిన పని సాధారణంగా ఏమీ ఉండదు. పాత చర్మం కింద కొత్తది తయారై రెండింటి మధ్య ద్రవం చేరేటప్పుడు ఒంటి రంగు మసకబారుతుంది, కళ్ళు తెల్లని నీలిరంగుకు తిరుగుతాయి. కొన్నాళ్ళకు ఆ మబ్బు విడిపోయి కళ్ళు తేటపడతాయి. ఆ తరువాత కొద్ది రోజులకే పాము మూతిని గరుకైన దేనికైనా రాసి పొరను చిట్లించుకొని, మేజోడు తిరగేసి విప్పినట్టు తల నుంచి తోక కొస దాకా ఒకే ముక్కగా విడిచిపెడుతుంది. ఆ కుబుసం పేలికలుగా చిరిగి, కొంత ఒంటికే అతుక్కొని మిగిలిపోయినప్పుడు మాత్రం మన సాయం కావాలి. ఆ సాయం తేమతోనూ ఓపికతోనూ చేయాలే తప్ప గోళ్ళతో ఒలిచి కాదు.

ఇక్కడ చెప్పేదంతా బాల్ పైథాన్, కార్న్ స్నేక్ వంటి విదేశీ జాతుల గురించి. మన కొండచిలువ, త్రాచు, జెర్రిపోతు మొదలైనవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి కనుక వాటిని ఇంట్లో పెంచడం నేరం. 2022లో ఆ చట్టాన్ని సవరించిన తరువాత బాల్ పైథాన్ వంటి, వన్యజీవుల అంతర్జాతీయ వర్తకాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు జాబితాలోని జీవులను కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పెరట్లో గడ్డివాము పక్కన కళ్ళు మబ్బుపట్టిన పాము కనబడితే జాలిపడి దగ్గరకు వెళ్ళవద్దు. చూపు సరిగా ఆనని పాము మామూలు కంటే త్వరగా బెదిరి కాటు వేస్తుంది కాబట్టి, దూరంగా ఉండి అటవీ శాఖవారికి తెలియజేయాలి.

కుబుసం ఇరుక్కుపోవడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం పొడి గాలి. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరు నెలల్లో నెల్లూరులోనూ ఒంగోలులోనూ గాలిలోనే కావలసినంత చెమ్మ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పడమటి వడగాలి తిరిగినప్పుడు, అందులోనూ ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళలో, పెట్టెలోని నీటి గిన్నె చూస్తుండగానే ఇంకిపోతుంది. వేడికి తాళలేక మనం పగలంతా ఏసీ వేసుకుంటే గదిలోని గాలి ఇంకా పొడిబారుతుంది. కాబట్టి పెట్టెలో గాలిలోని తేమను కొలిచే హైగ్రోమీటరు ఒకటి తప్పనిసరిగా ఉండాలి. బాల్ పైథాన్‌కు మామూలు రోజుల్లో తేమ 55 నుంచి 65 శాతం, కుబుసం వేళ 70 శాతం వరకు ఉండాలి. కార్న్ స్నేక్‌కు మామూలుగా 40 నుంచి 50, కుబుసం వేళ 60 శాతం సరిపోతుంది.

కళ్ళు మబ్బుపట్టడం మొదలైన రోజే తడి గూడు సిద్ధం చేయడం అన్నిటికన్నా మేలైన పని. ఇందుకు మట్టి కుండను మించినది నాకు కనబడలేదు. పాము చుట్ట చుట్టుకొని పట్టేంత చిన్న కుండను తీసుకొని, అంచున దారి చెక్కి, ఆ చెక్కిన చోటు ఒంటికి గీరుకోకుండా గరుకు కాగితంతో నున్నగా రుద్ది, గంటసేపు నీళ్ళలో నానబెట్టి, పెట్టెలో బోర్లించాలి. కాల్చిన మట్టి తాగిన నీటిని మెల్లగా విడుస్తుంది, పైగా దాని గరుకుదనం పొర చిట్లించుకోవడానికి పాముకు పనికివస్తుంది. కింద నర్సరీలలో దొరికే కోకోపీట్‌ను, అంటే కొబ్బరి పీచు పొట్టును, తడిపి, చేత్తో గట్టిగా పిండినా నీళ్ళు కారనంతగా పరచాలి. పెట్టె మొత్తాన్ని మాత్రం తడిపి గాలి ఆడకుండా మూసివేయకూడదు, ఎందుకంటే అలాంటి చోట పొట్ట అడుగు పొలుసుల మీద పొక్కులు లేచి కుళ్ళు పడుతుంది. కుబుసం విడిచేదాకా పామును చేతిలోకి తీసుకోవద్దు, మేత పెట్టవద్దు.

ఇంత చేసినా కుబుసం ముక్కలుగా ఊడి కొంత మిగిలిపోతే, ఒక రోజంతా ఆ తడి గూటిలోనే ఉండనిచ్చి, అప్పటికీ ఊడకపోతే నీళ్ళలో నానబెట్టాలి. నీటి వేడి 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. మనం స్నానానికి గోరువెచ్చన అనుకొనే నీళ్ళు పాముకు ఎక్కువ వేడి. చేయి పెడితే వెచ్చదనం తెలియకుండా, చలీ వేయకుండా ఉన్నవే దానికి సరైనవి. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్ళు చేయి కాలేంత వేడిగా ఉంటాయి కనుక వాటిని పట్టి ఆరనిచ్చి, థర్మామీటరుతో చూసిన తరువాతే వాడాలి. గాలి రంధ్రాలున్న, మూత బిగుసుకొనే ప్లాస్టిక్ డబ్బాలో పాము ఒంటి మందంలో సగానికి మించకుండా నీళ్ళు పోయాలి. అది తల పైకెత్తి సుఖంగా ఊపిరి తీసుకోగలగాలి. ఇరవై నిమిషాల నుంచి అరగంట చాలు, అంతసేపూ మనిషి పక్కనే ఉండాలి.

నానిన పామును తడి టర్కీ తువ్వాలులో వదులుగా చుట్టి, రెండు చేతుల మధ్య నుంచి అదే ముందుకు పాకిపోయేలా వదలాలి. తువ్వాలు గరుకుకు పొర తనంతట తాను వెనక్కు మడతపడి ఊడుతూ ఉంటే చేతికి తెలుస్తుంది. బొటనవేలితో నెమ్మదిగా నిమరవలసి వస్తే తల వైపు నుంచి తోక వైపుకే నిమరాలి, ఎదురు నిమిరితే పొలుసులు లేస్తాయి. వేలికి లొంగని ముక్కను లాగకుండా వదిలేసి మరునాడు మళ్ళీ నానబెట్టాలి. ఇంకా విడవడానికి సిద్ధం కాని పొరను లాగితే కింద పచ్చి చర్మం బయటపడి పుండవుతుంది. కొబ్బరి నూనె, షాంపూ రాయమని చెప్పేవారు ఉంటారు. వాటి వల్ల పొరకు నీరు పట్టదు, చర్మం జిడ్డుపట్టి ఇబ్బంది పెరుగుతుంది.

ప్రత్యేకంగా చూడవలసిన చోట్లు రెండు, కళ్ళు, తోక కొస. పాముకు కనురెప్పలు లేవు, కంటి మీద పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, అదీ కుబుసంతోపాటే ఊడాలి. అందుకే ఊడిన కుబుసాన్ని పారవేయకుండా తడి చేసి తల భాగాన్ని విప్పి వెలుతురుకు పట్టి చూడండి: రెండు కళ్ళ చోటా ఉబ్బెత్తుగా, గుండ్రంగా, చిల్లు లేని పొరలు కనబడితే సరిగా ఊడినట్టు. ఆ చోట చిల్లు ఉండి, పాము కన్ను మసకగానో ముడతపడో కనిపిస్తే పొర కంటి మీదే నిలిచిపోయిందని అర్థం. దాన్ని పట్టకారుతోనో టేపుతోనో తీయబోతే కన్నే పోవచ్చు. తేమ పెంచి వచ్చే కుబుసం దాకా ఆగితే చాలాసార్లు రెండు పొరలూ కలిసి ఊడిపోతాయి, అప్పుడూ ఊడకపోతే వైద్యుడికి చూపించాలి.

తోక విషయంలో అంతకాలం ఆగడానికి వీల్లేదు. తోక కొస చుట్టూ ఉంగరంలా మిగిలిన పొర ఎండేకొద్దీ బిగుసుకొని రక్తం ఆడనివ్వదు, ఒకదాని మీద ఒకటి రెండు మూడు కుబుసాల పొరలు పేరుకుంటే కొస నల్లబడి ఎండిపోతుంది. అందువల్ల ప్రతి కుబుసం తరువాత కొసను వేళ్ళతో తడిమి, పొర మిగిలి ఉంటే తడి గుడ్డ చుట్టి మెత్తబడేదాకా ఉంచి, రోజూ కొంత కొంతగా వదిలించాలి.

తేమ సరిగానే ఉన్నా మళ్ళీ మళ్ళీ ఇలాగే జరుగుతుంటే కారణం మరొకటి. నీటి గిన్నె అడుగున, గడ్డం కింద, కళ్ళ అంచుల్లో మిరియపు పొడంత నల్లని చుక్కలు కదులుతుంటే అవి మైట్స్ అనే పురుగులు. పాత గాయాల మచ్చలు, నీళ్ళు చాలకపోవడం, సరైన వేడి లేకపోవడం కూడా కారణాలు కావచ్చు. చర్మం మీద పుండు, వాసన, పొక్కులు కనబడినా, తోక నల్లబడుతున్నా ఇంటి వైద్యం ఆపేయాలి. తిరుపతిలోనూ గన్నవరంలోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి, నెల్లూరు వారికి మొదటిది, ఒంగోలు వారికి రెండవది అనువు. పాములను చూసే వైద్యులు ఆ రోజు ఉన్నారో లేదో ముందే ఫోనులో కనుక్కొని, పామును గుడ్డ సంచిలో వేసి, ఆ సంచిని గాలి ఆడే డబ్బాలో పెట్టి తీసుకువెళ్ళండి. ఊడిన కుబుసాన్ని కూడా వెంట తీసుకెళితే ఏ భాగం మిగిలిందో వైద్యుడికి వెంటనే తెలుస్తుంది.